పిన్నీసు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగం)



మన పిల్లలు కొందరు బ్రిటన్‌లో ఉన్నారు గనుక అక్కడి సంగతి ఒకటి మనవి చేస్తాను. 2016 జూన్ 23న ఆ దేశం యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, వద్దా అని ఓటింగు జరిగింది. ఓటేసినవారిలో నూటికి దాదాపు 52 మంది వద్దన్నారు. బ్యాలెట్‌లో ఉన్న ప్రశ్న అంతే. పక్కింటివాణ్ణి వెళ్ళగొట్టాలా అని ఎవరూ అడగలేదు. అయినా కొందరు అలాగే అర్థం చేసుకున్నారు. హంటింగ్‌డన్ పట్టణంలో ఇళ్ళముందు, బడి దగ్గర కూడా, పోలండువారిని పురుగూపుట్రా అని తిట్టే కార్డులు కనిపించాయి. వారు తెల్లవారే, క్రైస్తవులే. చూశారా, ద్వేషానికి రంగూ అక్కర్లేదు, మతమూ అక్కర్లేదు. ఇంగ్లండు, వేల్సులలో పోలీసులు రాసుకున్న జాతి, మత ద్వేష నేరాలు 2015 జూలైకంటే 2016 జూలైలో 41 శాతం పెరిగాయని ప్రభుత్వమే చెప్పింది.

అదే రోజుల్లో మరికొందరు చొక్కాకి ఒక పిన్నీసు పెట్టుకుని తిరిగారు. 'నా పక్కన నీకు భయం లేదు' అని దాని అర్థం.

ఇక మన సంగతి. బీహారు నుంచి, ఒడిశా నుంచి కూలికొచ్చినవాళ్ళని మనం ఏమని పిలుస్తున్నాం? పిల్లలు వింటున్నారండీ! అరబ్బుకు అరబ్బేతరునిపై ఆధిక్యం లేదని మన ప్రవక్తగారు బోధించారు. బడిలో ఆ పాఠం నేను చెబుతాను. ఇంట్లో మీరు చెప్పాలి.

ఖుదా హాఫిజ్.