మిద్దె మీద మిట్టమధ్యాహ్నం



అనంతపురంలో పట్టా కోసం నల్ల గౌను వేసుకుని కూర్చోవడమంటే ఏమిటో మీకు ఈ గంటలో బాగానే తెలిసుంటుంది. ఇంకాసేపట్లో మీరు దాన్ని విప్పేస్తారు. మీ హాస్టల్ మిద్దె మీదున్న సోలార్ ప్యానెల్ మాత్రం అదే నల్లరంగుతో పాతికేళ్లు ఎండలో నిలబడాలి. నాకిచ్చిన సమయమంతా దాని గురించే మాట్లాడతాను. జీవితంలో ఎలా పైకి రావాలో చెప్పడానికి నాకంటే తగినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను పైకి వెళ్లింది ఎక్కువగా మిద్దెల మీదికే.

"అన్నా, ఏ ప్యానెల్ మంచిది?" అని నాకు వారానికి రెండు మూడు ఫోన్లు వస్తాయి. పెళ్లి భోజనాల్లో సాంబారు వడ్డిస్తుండగా కూడా అడిగారు. 2024లో పీఎం సూర్యఘర్ పథకం వచ్చి, 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ అన్నాక ఈ ఫోన్లు మరీ ఎక్కువయ్యాయి. మీరు కంప్యూటర్లు చదివినా సివిల్ చదివినా మీ ఇంట్లోనూ తప్పదు. "ఇంజినీరింగు చదివినావు కదరా, నువ్వే చూడు" అంటారు. అందుకే కాస్త ముందుగా లెక్క చెప్తున్నాను.

ప్యానెల్ వెనక అతికించిన కాగితం మీద 550 వాట్లు అని ఉంటుంది. అవి ప్రయోగశాలలో కొలిచిన వాట్లు. చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుతురు పడుతున్నా లోపలి సెల్ 25 డిగ్రీల దగ్గరే ఉండేలా చూసి కొలుస్తారు. ఎండ అంత కాయాలి, సెల్ మాత్రం చల్లగా ఉండాలి! మన ఊళ్లో అది కుదిరే పని కాదు. గాలి 42 డిగ్రీలుంటే సెల్ 70 దాటుతుంది. నా మాట నమ్మకపోతే మే నెలలో ఒంటిగంటకు మిద్దె ఎక్కి ప్యానెల్ వెనక అరచేయి ఆనించండి. మూడు లెక్కపెట్టేలోగా చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది.

సిలికాన్ వేడెక్కితే వోల్టేజి పడిపోతుంది. ఎంత పడుతుందన్నది రకాన్ని బట్టి ఉంటుంది. పాత పాలీ ప్యానెళ్లు డిగ్రీకి 0.4 శాతం దాకా శక్తి పోగొట్టుకుంటాయి. మోనో పెర్క్ 0.35, టాప్‌కాన్ 0.3, హెటిరోజంక్షన్ 0.25, కాస్త అటూ ఇటూగా. 70 డిగ్రీలంటే 25 కంటే 45 ఎక్కువ కదా. ఆ లెక్కన 550 వాట్ల ప్యానెల్ పెర్క్ అయితే 463 వాట్లు ఇస్తుంది, టాప్‌కాన్ 476, హెటిరోజంక్షన్ 488.

"అయితే ఆ మూడోది కొనేస్తే పోలా?" అంటారు. పెర్క్‌తో పోలిస్తే ఆ 25 వాట్ల తేడా మే నెల నడినెత్తిన ఎండలో వచ్చేది. పొద్దున, సాయంత్రం, మార్గశిరం చలిలో ఆ తేడా బాగా చిక్కిపోతుంది. మన బజారులో దానికి అడిగే ధర మాత్రం చలికాలంలోనూ చిక్కదు. అందుకే నేను టాప్‌కాన్ వైపే మొగ్గుతాను. పెర్క్ చవగ్గా దొరికితే దాన్నీ కాదనను. పైగా ప్యానెల్‌కూ కప్పుకూ మధ్య గాలి ఆడకుండా రేకుల మీద అతికించినట్టు బిగిస్తే, ఎంత ఖరీదైన రకమైనా ఉడికిపోవాల్సిందే.

వేడి సంగతి ఇలా కాగితం మీద తేలిపోతుంది. దుమ్ము అలా తేలదు. దాని దగ్గర నేను తిన్న దెబ్బ చెప్తాను.

సుమారు పదేళ్ల కిందట, నాపరాళ్ల పాలిష్ యూనిట్లున్న ఊళ్లో ఒక హాస్టల్ మిద్దె మీద 10 కిలోవాట్ల ప్లాంటు పెట్టాను. డిజైను నాదే. గాలికి లేచిపోకూడదని ప్యానెళ్లను 5 డిగ్రీల వాలుతో, దాదాపు పడుకోబెట్టినట్టు, పొడుగు వైపు వాలు వెంబడి ఉండేలా నిలువుగా బిగించాను. ఫిబ్రవరి వచ్చేసరికి రోజుకు 40 యూనిట్ల పైన రావాల్సింది 30 దాటడం లేదు. ఇన్వర్టర్ విప్పాను, ఫ్యూజులు మార్చాను, తయారుచేసినవాళ్లతో ఫోన్లో గొడవపడ్డాను. మూడో రోజు ఆ హాస్టల్ వాచ్‌మన్ అన్నాడు: "నాయనా, మిషన్ను తిట్టాకు. పైకొచ్చి అద్దాలు చూడు."

అద్దాలు నేను చూశాననే అనుకున్నాను. దూరం నుంచి నీలంగా మెరుస్తూనే ఉన్నాయి. ఆయన వంగి ప్రతి ప్యానెల్ కింది అంచునూ వేలితో చూపించాడు. నాలుగు వేళ్ల వెడల్పున, ఇడ్లీ పాత్ర అడుగున పట్టే గారలాంటి తెల్లటి పొర ఉంది. గోటితో గీకితే పెళుసుగా ఊడింది. నాపరాయి పొడి గాలికి వచ్చి అద్దం మీద పడుతుంది. తెల్లవారుజామున మంచు దాన్ని తడిపి కిందికి జారుస్తుంది. వాలు చాలక ఆ నీళ్లు ఫ్రేము అంచు దాటలేక అక్కడే నిలుస్తాయి. పది గంటలకల్లా ఎండ దాన్ని కాల్చి గట్టిపరుస్తుంది. రోజుకో పూత.

ప్యానెల్ లోపల సెల్స్ గొలుసులుగా ఉంటాయి, ఒక్కో ప్యానెల్‌లో మూడు గొలుసులు. గొలుసులో ఒక్క సెల్‌కు నీడపడినా కరెంటు మొత్తం దాని స్థాయికి దిగిపోతుంది. నిలువుగా బిగించిన పాతరకం ప్యానెల్‌లో అడుగు వరుస మూడు గొలుసులకూ చెందుతుంది. అంటే నాలుగు వేళ్ల మట్టి మూడింటి గొంతూ నొక్కింది. అడ్డంగా బిగించి ఉంటే ఒక్క గొలుసుతో పోయేది. ఇప్పుడొచ్చే హాఫ్‌కట్ ప్యానెళ్లలో పై సగం, కింది సగం విడివిడిగా పనిచేస్తాయి కాబట్టి అడుగున మట్టి పట్టినా పై సగం నిలబడుతుంది. అమ్మేవాళ్లు హాఫ్‌కట్ గురించి చాలా చెప్తారు. మన దుమ్ము ఊళ్లకు అసలు పనికొచ్చే ఈ మాట మాత్రం చెప్పరు.

నా ఖర్చుతోనే అన్నీ విప్పి 15 డిగ్రీల వాలుతో అడ్డంగా బిగించాను. ఆ ఊరి అక్షాంశం 14 డిగ్రీల పైనే కనుక ఆ వాలు ఎండకూ నప్పింది.

"వానొస్తే అదే కడుక్కుపోతుందిలే" అనేవాళ్లు ఉంటారు. ఏ వాన? మనకు జూన్, జూలైలలో గాలి వస్తుంది, వాన రాదు. వచ్చినా నాలుగు తుంపరలు రాలి దుమ్మును బురద చేసి పోతాయి. కడిగే వాన సెప్టెంబరు, అక్టోబరులలోనే. ఆలోపు మనమే తుడవాలి, అదీ తెల్లవారుజామునే. మిట్టమధ్యాహ్నం కాలిన అద్దం మీద చన్నీళ్లు కొడితే పగలొచ్చు. ఉప్పు బోరు నీళ్లయితే తుడిచి ఆరబెట్టండి, లేకపోతే దుమ్ము పోయి ఉప్పుచారలు మిగులుతాయి.

వాన ఇంకో రకంగానూ పని చెప్తుంది. మధ్యాహ్నం 70 డిగ్రీలున్న ప్యానెల్ మీద సాయంత్రం జల్లు పడుతుంది. వెనక ప్లాస్టిక్ షీటు ఉంటే ఏళ్ల తరబడి ఈ సాగడం, ముడుచుకోవడంతో పగుళ్లిచ్చి తేమ లోపలికి పోతుంది. టాప్‌కాన్‌కు ముందువైపు సన్నని లోహపు గీతల దగ్గర తేమ పడదు. అందుకే నేను మెచ్చిన ఆ రకానికే రెండు వైపులా అద్దం ఉందా, సెల్‌ను అంటుకునే పొర పీవోఈనా అని అడిగి మరీ కొంటాను. రెండద్దాల ప్యానెళ్లలో అద్దం 2 మిల్లీమీటర్లే ఉంటుంది, కనుక బిగించేవాడి చేతి బలం మీద ఓ కన్నేయండి. సర్టిఫికెట్ చూపిస్తే 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమ పరీక్షలో ఎన్ని గంటలు ఉంచారో చూడండి. నియమం ప్రకారం 1000 గంటలు చాలు. అంటే 42 రోజులు. గ్యారంటీ పాతికేళ్లకు.

కోస్తా నుంచి వచ్చిన పిల్లలకు ఒక్క మాట. మీ దగ్గర దుమ్ము కంటే ఉప్పుగాలి, తుపాను ముఖ్యం. 2014 అక్టోబరు 12న విశాఖను హుద్‌హుద్ ఏం చేసిందో మీ ఇంట్లో అడగండి. ప్యానెల్ రకం తర్వాత, ముందు బోల్టుల సంగతి చూసుకోండి.

మొన్న ఫిబ్రవరిలో ఆ హాస్టల్ వైపు వెళ్లాను. ఆ రోజుల్లో దొరికిన చవక పాలీ ప్యానెళ్లే, ఇంకా ఉన్నాయి. మీటరు ముందురోజుకు 38 యూనిట్లు చూపించింది. ఆ వాచ్‌మన్ పని మానేశాడట. మిద్దె మెట్ల దగ్గర, చివర పాత టవలు చుట్టిన వెదురు కర్ర గోడకు ఆనించి ఉంది. టవలు ఇంకా తడిగానే ఉంది.

పట్టాల కోసం మీ పేర్లు పిలుస్తారు. సెలవు.