ఎల్ల తేలని సరస్సు
(గ్రంథాలయ సభయందు మేము చేసిన ఉపన్యాసము)



దేశమునకు ఎల్లలే మానమని నమ్మినవారము మనము. ఒక జానెడు నేల పరాధీనమైనను సహింపజాలము. అట్టి మనము ఆల్ప్సు పర్వతముల పాదముననున్న ఒక సరస్సు కథను తప్పక తెలిసికొనవలయును. దాని పేరు కాన్‌స్టాన్స్ సరస్సు. జర్మనులు దానిని బోడెన్‌జే అందురు.

దాని వైశాల్యము సుమారు 536 చదరపు కిలోమీటర్లు. పొడవు 63 కిలోమీటర్లు. లోతు కొన్నిచోట్ల 250 మీటర్లు. రైన్ నది తూర్పు కొసను అందులో ప్రవేశించి, పడమట వెలువడి, ఉత్తర సముద్రమునకు సాగిపోవును. 273 కిలోమీటర్ల తీరములో జర్మనీకి 173, స్విట్జర్లండునకు 72, ఆస్ట్రియాకు 28 కిలోమీటర్లు చెందియున్నవి.

తీరము లెక్క తేలినది గాని నీటి లెక్క తేలలేదు. కాన్‌స్టాన్స్ పట్టణము చెంతను, పడమటి చిన్న భాగమునందును పూర్వపు ఒడంబడికలు హద్దు గీసినవి. పెద్ద సరస్సు నడుమ మాత్రము మూడు దేశములును అంగీకరించిన గీత నేటికిని లేదు. నట్టనడుమ గీతయే హద్దని స్విట్జర్లండు వాదము. తీరమునంటిన లోతులేని నీరు ఎవరిది వారిదే యైనను, లోతైన నీరు అందరికిని ఉమ్మడి యని ఆస్ట్రియా వాదము. జర్మనీ ఏ పక్షమును స్పష్టముగా చేపట్టలేదు.

ఇంత సందు దొరికిన తగవు పెరుగవలసినదే. తీరవాసులు మరియొక మార్గము పట్టిరి. హద్దు మాట అట్లుంచి, పని మాట ముందు తేల్చుకొనిరి. 1893లోనే బ్రెగెంజ్ పట్టణమున చేపల వేటకు ఉమ్మడి నియమములు చేసికొనిరి. తరువాత రెండు మహాయుద్ధములు వచ్చినవి. 1944లో జర్మను తీరమందలి ఫ్రీడ్రిక్స్‌హాఫెన్ పట్టణము బాంబులకు గురియై శిథిలమయ్యెను. ఎదుటి స్విస్ తీరము తటస్థముగా నుండెను. ఒకే నీటికి ఒక దరి యుద్ధము, ఒక దరి శాంతి!

ఆ పొగ చల్లారిన కొలది యేండ్లకే కొత్త శత్రువు బయలుదేరెను. వాడు ఏ దేశపు సైనికుడును గాడు. పట్టణముల మురుగునీరు, బట్టలుదుకు పొడులు, పొలముల ఎరువులు సరస్సులో భాస్వరమును నింపసాగినవి. భాస్వరము హెచ్చిన నాచు హెచ్చును. ఆ నాచు చచ్చి అడుగున కుళ్లునపుడు నీటిలోని ప్రాణవాయువును హరించును. ఈ మురుగునకు హద్దు తెలియదు. ఒక దరిని విడిచినది ఎదుటి దరిని చేరును.

అందుచేత 1959లో సరస్సు రక్షణకు ఒక అంతర్జాతీయ సంఘము వెలసెను. 1960లో స్టెక్‌బోర్న్ పట్టణమున జర్మనీలోని బాడెన్-వుర్టెంబర్గు, బవేరియా రాష్ట్రములును, ఆస్ట్రియా, స్విట్జర్లండు దేశములును ఒడంబడికపై చేవ్రాలు చేసినవి. ఈ సంఘమునకు దండనాధికారము లేదు. అది సిఫారసు చేయును. దానిని నెరవేర్చుట ఆయా ప్రభుత్వముల వంతు. ఏ దేశమును తన హద్దు వాదమును వదులుకొనలేదు. ఎవరి మురుగును వారే శుద్ధిచేయు పనికి మాత్రము అందరును పూనుకొనిరి.

ఫలము వెంటనే రాలేదు. 1980 ప్రాంతమున భాస్వరము లీటరు నీటికి 80 మైక్రోగ్రాములు దాటెను. మురుగును శుద్ధిచేయు కర్మాగారములు వరుసగా లేచిన పిమ్మట అది క్రమముగా తగ్గి నేడు 10 మైక్రోగ్రాములకు లోబడినది. స్టుట్‌గార్టు మొదలగు జర్మను పట్టణములలో సుమారు 40 లక్షల జనులు ఈ నీరే త్రాగుచున్నారు.

అయినను కథ సుఖాంతమని మేము చెప్పజాలము. నీరు తేటపడినకొలది చేపల మేత తగ్గెను. 2016లో క్వాగా యను పరదేశపు ఆల్చిప్ప కనబడి, ఉన్న మేతను కూడ వడకట్టి తినుచున్నది. జాలరుల ముఖ్యాధారమైన ఫెల్‌హెన్ చేప ఎంతగా క్షీణించెననగా, 2024 మొదలు మూడేండ్లు దాని వేటనే నిషేధింపవలసివచ్చెను. తరతరముల జాలరి కుటుంబములకు ఇది కడుపుకోత. ఆ నిషేధమును ఒక దరివారు పాటించి వేరొక దరివారు మీరినచో చేపకు రక్షణ యెక్కడిది? ఉమ్మడి సొత్తనగా లాభమునందే గాక లేమియందును ఉమ్మడి యని ఈ జాలరులు మనకు తెలుపుచున్నారు.

కృష్ణానది తగవు వినుచు పెరిగిన ఆంధ్రులు మమ్ము అడుగవచ్చును: ఇది మనకు మందగునా? అట్లు మేము చెప్పము. పారు నీటిని పంచుకొనుట వేరు, నిలిచిన నీటిని కాపాడుకొనుట వేరు. పంపకమున ఒకరికి హెచ్చినది మరియొకరికి తగ్గును. శుద్ధియందు అందరికిని లాభమే. కాని ఒక్క నీతి రెంటికిని చెల్లును. హక్కు తేలువరకు బాధ్యతను వాయిదా వేయనక్కరలేదు. వాదము వాదముగా నుండనిండు. మురుగు కాలువ కట్టు పని మాత్రము ఆగరాదు.

జాతీయాభిమానము ఇందువలన తగ్గునా? తగ్గదు. ఆ మూడు జాతులును తమ జెండాలను దింపుకొనలేదు. తన మురుగును పొరుగువానిపైకి విడువకుండుట కూడ జాతి మానములో భాగమేయని గ్రహించినవి. హద్దును కాచుకొను జాతి బలము గలది. హద్దు లేనిచోట సయితము నీతి తప్పని జాతి గౌరవము గలది. మన జాతికి ఈ రెండును కావలయునని మా ప్రార్థన.