నెగటివ్‌లు పారేయకండి



శ్రీకూర్మంలో సముద్రపు గాలి తేమ మీకు తెలుసు. ఆ తేమకే నెగటివ్‌లకు బూజు పడుతుంది. వానాకాలంలో మన కొండ ఇళ్లలోనూ అంతే. అందుకే ఇంట్లో పాత నలుపు తెలుపు నెగటివ్‌లుంటే ముందే కెమెరాతో కాపీ తీయమని మేము హాస్టల్ పిల్లలకు చెబుతుంటాం.

అన్ని ఫిలింలూ ఒకటి కాదు. 35 ఎం.ఎం. నెగటివ్ మీద బొమ్మ 24×36 మిల్లీమీటర్లు. యాషికా మ్యాట్ లాంటి రెండు లెన్సుల కెమెరాలో వేసే 120 రోల్‌కు పన్నెండు బొమ్మలే వస్తాయి. కానీ ఒక్కోటి సుమారు 56×56, అంటే మూడున్నర రెట్లు పెద్దది. గుంపు ఫొటోలో వెనక వరుసలోని నాయనమ్మ ముఖం ఇందులో బాగా తెలుస్తుంది. ముందు వీటిని వెతకండి.

గది చీకటి చేసి, లైట్ ప్యానెల్ మీద నెగటివ్ పరచి, పైన మాక్రో లెన్సు కెమెరాను వంకర లేకుండా బిగించాలి. ఫోన్ తెర వెలుగు వాడితే నెగటివ్‌ను కాస్త ఎత్తులో ఉంచండి, లేకపోతే తెర చుక్కలు కూడా పడతాయి. దుమ్ము ముందే ఊదాలి. స్కానర్లలో దుమ్మును తుడిచే ఇన్‌ఫ్రారెడ్ పద్ధతి వెండితో ఏర్పడిన ఈ బొమ్మలకు పనికిరాదు. రా ఫైల్‌గా తీసి, కంప్యూటర్‌లో నలుపును తెలుపుగా, తెలుపును నలుపుగా మార్చాలి.

వెరియర్ ఎల్విన్ సవరల గురించి 1955లో వేసిన పుస్తకంలో ఫొటోలున్నాయి. వాటిలోని వాళ్లను పేరేమిటని ఇప్పుడు మనం అడగలేం. మన ఇంటి ఫొటోలకైతే చెప్పే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. ఫైలు పేరులోనే మనిషి పేరు, ఊరు రాయండి. వాట్సాప్‌లో పెట్టే ముందు ఆ ఇంటివాళ్లను అడగండి. నెగటివ్‌ను కాగితం కవరులో పెట్టి వాళ్లకే తిరిగి ఇవ్వండి.