తెర మీద అంకె
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘం ఈ ఏడాది ఆటల గదికి చెస్ బోర్డులతో పాటు ఒక కంప్యూటర్ కూడా ఇస్తోంది. అందులో స్టాక్‌ఫిష్ అనే ఉచిత చెస్ ఇంజిన్ వేశాం. ఆట నడుస్తుంటే తెర మీద అది ప్లస్ అనో మైనస్ అనో ఒక అంకె చూపిస్తుంది. ప్లస్ అయితే తెల్లపావులకు మొగ్గు, మైనస్ అయితే నల్లపావులకు. ఆ అంకె చూసి పిల్లల్ని మెచ్చుకోవడం, తిట్టడం ఇప్పుడు చాలా ఇళ్లలో మొదలైంది. అందుకే అది ఎక్కడి నుంచి వస్తుందో చెబుతాను. ఏనుగు, శకటు అంటే ఒక్కో ఇంట్లో ఒక్కో పావు కాబట్టి తగాదా లేకుండా రూక్, బిషప్ అనే అంటాను.

2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ పద్నాలుగో గేమ్ జరిగింది. చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్‌వి నల్లపావులు, చైనా ఆటగాడు డింగ్ లిరెన్‌వి తెల్లపావులు. ఇద్దరికీ చెరి ఆరున్నర పాయింట్లు. బోర్డు మీద ఇద్దరికీ ఒక్కో రూక్, ఒక్కో బిషప్ మిగిలాయి. బంట్లు మాత్రం గుకేశ్‌కు రెండు, డింగ్‌కు ఒకటి. ఒక బంటు ఎక్కువున్నా ఇంజిన్లు దాదాపు సమానమనే చూపిస్తున్నాయి. 55వ ఎత్తులో డింగ్ తన రూక్‌ను ఎఫ్2 గడికి జరిపాడు. ఏ పావూ చావలేదు. అయినా అంకె ఒక్కసారిగా నల్లపావుల వైపు దూకింది. ఎందుకు?

ఇంజిన్‌లో ఇద్దరు పనివాళ్లు ఉన్నారనుకోండి. ఒకడు ముందుకు నడిచి వెతుకుతాడు, ఇంకొకడు ధర కడతాడు. ధర కట్టేవాడి పాత పద్ధతి మనకూ తెలిసిందే: బంటు 1, గుర్రం 3, బిషప్ 3, రూక్ 5, మంత్రి 9. దానికి రాజు భద్రత, బంట్ల అమరిక వగైరా కలుపుతాడు. 2020 నుంచి స్టాక్‌ఫిష్‌లో ఈ పనికి ఒక చిన్న న్యూరల్ నెట్‌వర్క్ వచ్చింది. అసలు కష్టం వెతికేవాడిది. క్లాడ్ షానన్ 1950లోనే లెక్క వేశాడు. ఒక స్థితిలో సుమారు 30 ఎత్తులు ఉంటాయి. నాదొకటి, మీదొకటి వేసేసరికి దాదాపు వెయ్యి దారులు. నలభై ఎత్తుల ఆట మొత్తానికైతే ఒకటి పక్కన 120 సున్నాలు. ఏ యంత్రమూ చివరిదాకా వెళ్లలేదు. కొంత లోతుకు వెళ్లి ఆగి, అక్కడ ధర కట్టించుకుని వెనక్కి రావాల్సిందే. వెనక్కి వచ్చేటప్పుడు నా వంతులో నాకు అన్నిటికన్నా మంచిది, మీ వంతులో నాకు అన్నిటికన్నా చెడ్డది ఏరుకుంటూ వస్తాడు. ఎదుటివాడు తెలివైనవాడే అనుకోవడం ఇందులో మూలసూత్రం.

అన్ని దారులూ నడవక్కర్లేదన్నది ఇందులో నాకు బాగా నచ్చిన భాగం. మీరు స్థలం కొనబోతున్నారు. ఒక స్థలం బేరం ఇప్పటికే కుదిరేలా ఉంది. రెండోదాని కాగితాలు తీస్తే మొదటి కాగితంలోనే కోర్టు కేసు కనబడింది. మిగతా ఇరవై కాగితాలు చదువుతారా? ఇదీ అంతే. నేను వేయబోయే ఎత్తుకు ఎదుటివాడి దగ్గర మంత్రిని ఊరికే కొట్టేసే జవాబు ఒక్కటి దొరికితే చాలు, అతని మిగతా జవాబులు చూడనక్కర్లేదు. దీని పేరు ఆల్ఫా-బీటా. ఇందులో ఊహేమీ లేదు, అన్నీ చూస్తే వచ్చే జవాబే వస్తుంది. మంచి ఎత్తుల్ని ముందుగా చూసే అదృష్టం ఉంటే, పది లక్షల చివరి స్థితులు చూడాల్సిన చోట రెండు వేలతో పని అయిపోతుంది. అంటే అదే సమయంలో దాదాపు రెట్టింపు లోతు.

ఎక్కడ ఆగాలన్నది కూడా ముఖ్యమే. నా మంత్రి ఒక బంటును కొట్టింది, అక్కడే ఆగి ధర కడితే ఒక బంటు లాభం. మరుసటి ఎత్తులో ఆ మంత్రి పోతుంది! అందుకే కొట్టుకోవడాలు సద్దుమణిగేదాకా ఇంకాస్త ముందుకు చూసి అప్పుడే ధర కడతారు. 1997లో కాస్పరోవ్‌ను ఓడించిన డీప్ బ్లూ సెకనుకు సుమారు 20 కోట్ల స్థితులు చూసేది. 2017లో వచ్చిన ఆల్ఫాజీరో సెకనుకు 80 వేలే చూసేది. ధర కట్టేవాడు గట్టివాడైతే తక్కువ నడిచినా సరిపోతుంది.

ఇప్పుడు సింగపూర్‌కు వద్దాం. డింగ్ ఆ ఎత్తు వేశాక రూక్‌లు రెండూ మారిపోతాయి. ఆపైన గుకేశ్ బిషప్ డీ5కి వస్తే, మూలన ఏ8లో ఉన్న డింగ్ బిషప్‌కు తప్పించుకునే దారి లేదు, అదీ మారిపోతుంది. మిగిలేది రాజులు, రెండు బంట్లు, ఒక బంటు. అది నల్లపావుల గెలుపు. తెర మీది అంకె కళ్లెదుటి బోర్డుది కాదు, ఆ దారి చివర ఉన్న బోర్డుది. అందులో ఒక షరతు కూడా ఉంది: ఇక్కడి నుంచి ఇద్దరూ తప్పు లేకుండా ఆడితే. ముందు చూపిన సమానం ఆ షరతు మీద నిలబడ్డదే. ఎత్తు పడ్డ వెంటనే తాను కూడా గమనించలేదని గుకేశే ఆట తర్వాత చెప్పాడు. ఫోన్‌లో అంకె చూస్తున్న మనకు అది ముందే తెలిసిపోయింది, తెలివితో కాదు. ఇంకో ముచ్చట. రూక్‌లు పోయాక బోర్డు మీద మిగిలినవి ఏడు పావులు. ఏడు, అంతకు తక్కువ పావుల స్థితులన్నిటికీ ముందే లెక్క కట్టి దాచిన పట్టికలున్నాయి. అక్కడ ధర ఉండదు, గెలుపో ఓటమో డ్రానో తేలిపోయి ఉంటుంది.

2022 డిసెంబర్‌లో వచ్చిన స్టాక్‌ఫిష్ 15.1 నుంచి ప్లస్ 1.00కు ఒక అర్థం పెట్టారు: ఆ స్థితి నుంచి ఇంజిన్ తనతో తానే ఆడుకుంటే సగం ఆటలు గెలుస్తుందని. మన ఏడో తరగతి పిల్లాడు గెలుస్తాడని కాదు. నేను ముప్పై ఏళ్లుగా బాయిలర్ల దగ్గర మీటర్లు చూసేవాణ్ని. ముల్లు ఎక్కడ ఉందన్నది తర్వాతి మాట, ఆ గొట్టం ఎక్కడ బిగించారన్నది ముందు అడుగుతాం. ఇక్కడ కూడా ఎంత లోతు, ఏ దారి అని అడగాలి. అవి రెండూ అంకె పక్కనే ఉంటాయి. చాలామంది వాటిని చదవరు.

మాస్టార్లను ఒకటి కోరుతున్నాను. ఆట జరుగుతున్నంతసేపూ కంప్యూటర్ ఆపి ఉంచండి. ఆట అయ్యాక, ఎక్కడ మలుపు తిరిగిందనుకుంటున్నారో మూడు చోట్లు ఇద్దరు పిల్లలూ స్కోరు పుస్తకంలో గుర్తు పెట్టి, ఎందుకో ఒక్కో వాక్యం రాయాలి. అప్పుడే స్విచ్ వేయాలి. ఇంజిన్ చూపిన దారిని చేత్తో బోర్డు మీద నడిపించి చూడాలి. పిల్లాడి వాక్యం ఇంజిన్‌తో కలవకపోతే కొట్టేయొద్దు, ఆ పేజీ అలాగే ఉండనివ్వండి. ఏడాది చివర అదే మనకు అసలు లెక్క. వంద స్కోరు పుస్తకాలు తెచ్చాను, ఆఫీసు గదిలో పెట్టాను. శనివారం సాయంత్రాలు రాగలిగిన పూర్వ విద్యార్థులు భోజనాల దగ్గర పేరు ఇవ్వండి.