తిరుగు టిక్కెట్టుకు ముందే కాగితాలు



ఏళ్ల తరబడి గల్ఫ్‌లో కాపురమున్న కుటుంబాలు స్వస్థలానికి తిరిగి రావడం గురించి మాట్లాడమని నన్ను కోరారు. నా ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగా గడిచింది. పదవీ విరమణ తర్వాత మన బస్తీల్లో దరఖాస్తులు రాసిపెట్టే పనిలో ఉన్నాను. కనుక ఈ విషయాన్ని దస్త్రం వైపు నుంచే చెబుతాను.

హైదరాబాద్ పాతబస్తీలో, నిజామాబాద్, కరీంనగర్, కడప, రాయచోటి ప్రాంతాల్లో గల్ఫ్ సంపాదన ఎరుగని వీధి అరుదు. మొదట ఇంటి యజమాని ఒక్కడే వెళ్లేవాడు. క్రమంగా భార్యాబిడ్డలను తీసుకెళ్లినవారూ ఉన్నారు. పిల్లలు అక్కడే పుట్టారు, అక్కడే బడికి వెళ్లారు. సౌదీ అరేబియాలో స్థానికులకే ఉద్యోగాలు పెంచే నితాఖత్ విధానం 2011లో వచ్చింది. 2017 జూలైలో విదేశీ ఉద్యోగుల కుటుంబ సభ్యులపై తలకు నెలకు 100 రియాళ్ల రుసుము మొదలైంది. అది ఏటా పెరిగి 2020 జూలై నాటికి 400 రియాళ్లయింది. భార్య, ముగ్గురు పిల్లలు ఉన్నవాడు ఏడాదికి 19,200 రియాళ్లు చెల్లించాలి. సాధారణ జీతగాడు ఈ భారం మోయలేడు. అందుకే ఎన్నో కుటుంబాలు సిద్ధపడే వ్యవధి లేకుండానే విమానమెక్కాయి.

విమానం దిగడానికి పాస్‌పోర్టు చాలు. ఈ దేశంలో హక్కుదారుగా నిలబడటానికి మాత్రం ఒక్కొక్క కాగితమూ కావాలి. ముస్లిం కుటుంబాన్ని కాగితం అడిగే సందర్భాలు ఈ రోజుల్లో తక్కువేమీ కావు. కనుక నా విన్నపం ఒక్కటే: తిరిగి రావాలన్న ఆలోచన పుట్టిన రోజునే కాగితాల పని మొదలుపెట్టండి. కనీసం ఒక ఏడాది వ్యవధి ఉంచుకోండి.

అన్నిటికన్నా ముందు బిడ్డల పౌరసత్వం. పౌరసత్వ చట్టం, 1955లోని నాలుగో సెక్షన్ ప్రకారం 2004 డిసెంబరు 3న గానీ ఆ తర్వాత గానీ విదేశంలో పుట్టిన బిడ్డ జననాన్ని ఏడాదిలోగా భారత కాన్సులేట్‌లో నమోదు చేయించాలి. బిడ్డకు మరో దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాతపూర్వకంగా ప్రకటించాలి. గడువు దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి అవసరం. తల్లిదండ్రులు భారతీయులైనంత మాత్రాన పని పూర్తయిందని అనుకోకండి. ఇఖామా గడువు ముగిసిన తండ్రి, యజమాని ఫిర్యాదుతో చిక్కుల్లో పడిన తండ్రి భయంతో కాన్సులేట్ గడప తొక్కడు. ఆ భయానికి మూల్యం చెల్లించేది బిడ్డ.

జనన మరణాల నమోదు చట్టం, 1969లోని ఇరవయ్యో సెక్షన్ మరొక వెసులుబాటు ఇచ్చింది. విదేశంలో పుట్టిన బిడ్డతో స్థిరపడేందుకు తిరిగి వచ్చిన తల్లిదండ్రులు, బిడ్డ ఇక్కడికి చేరిన 60 రోజుల్లోగా జననాన్ని ఇక్కడే నమోదు చేయించవచ్చు. అయితే ఇది కాన్సులేట్ నమోదుకు ప్రత్యామ్నాయమని భావించరాదు.

రెండవది పేరు. అరబీలో రాసిన జనన పత్రంలో ఒక తీరు, పాస్‌పోర్టులో మరొక తీరు, బడి రికార్డులో ఇంకొక తీరు. మహమ్మద్ అనే పేరును ఎన్ని రకాలుగా రాస్తారో మీకు తెలియనిది కాదు. ఇంట్లో అందరి పత్రాలూ ఒకచోట పరచి, పేర్లు, పుట్టిన తేదీలు సరిపోల్చండి. అక్కడి జనన పత్రంలో తప్పుంటే అక్కడ ఉండగానే దిద్దించుకోండి. ఇక్కడికి వచ్చాక ఆ కార్యాలయం మీకు అందదు.

మూడవది చదువు. బడి బదిలీ పత్రాన్ని అవసరమైన ధ్రువీకరణలతో సహా తెచ్చుకోవాలి. ఇంతకన్నా ముఖ్యమైనది స్థానికత. తెలంగాణలో వైద్య విద్య సీటుకు స్థానిక అభ్యర్థి కావాలంటే ఇంటర్ వరకు వరుసగా నాలుగేళ్లు ఇక్కడ చదివి ఉండాలన్న నిబంధనను 2025లో సుప్రీంకోర్టు సమర్థించింది. కాబట్టి డాక్టరు కావాలని ఆశపడే బిడ్డ తొమ్మిదో తరగతికల్లా ఇక్కడి బడిలో ఉండటం మేలు. బీసీ-ఇ కోటా వర్తించే వర్గాలవారు తండ్రి పాత కుల ధ్రువీకరణ పత్రాన్ని, ఆయన చదివిన బడి రికార్డును వెతికి భద్రపరచాలి. మన పిల్లలకు ఉర్దూ వస్తుంది, ఇంగ్లీషు వస్తుంది. తెలుగు చదవడం కూడా వచ్చే ముందే నేర్పండి. ఇక్కడ తహసీల్దారు కార్యాలయం తెలుగులో మాట్లాడుతుంది.

నాలుగవది కష్టార్జితం. సౌదీ కార్మిక చట్టం ప్రకారం సేవాంతపు మొత్తం మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆపై ప్రతి ఏడాదికి ఒక నెల జీతం. పన్నెండేళ్లు పనిచేసినవాడికి తొమ్మిదిన్నర నెలల జీతం రావాలి. స్వయంగా రాజీనామా చేసినా పదేళ్లు నిండితే పూర్తి మొత్తం దక్కుతుంది. డబ్బు చేతికందకుండా 'బకాయిలన్నీ ముట్టాయి' అన్న కాగితంపై సంతకం చేయకండి. బకాయి ఉంటే బయలుదేరక ముందే భారత రాయబార కార్యాలయంలోనూ, విదేశాంగ శాఖవారి మదద్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయండి.

ఇక్కడి ఆస్తి సంగతి చెప్పడం కష్టమే, అయినా చెప్పాలి. పంపిన డబ్బుతో కొన్న స్థలం ఎవరి పేరిట ఉంది? అన్నకో బావమరిదికో ఇచ్చిన జీపీఏ ఇంకా అమల్లో ఉందా? పని ముగిస్తే రిజిస్ట్రేషన్ కార్యాలయంలో దానిని రద్దు చేయించండి. అన్నదమ్ముల మధ్య లెక్క రాసుకోవడం అనుమానం కాదు. అప్పు విషయంలో రాసుకోమని మనకు దివ్య ఖుర్ఆన్ ఆదేశమే ఉంది. ఇల్లాలి శ్రమతో, నగలతో నిలబడిన ఇంటిలో ఆమె పేరు ఎక్కడుందో కూడా చూడండి.

వచ్చాక ఆలస్యం చేయరాని పనులు రెండు. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులు ఆధార్ కోసం 182 రోజులు వేచి ఉండనవసరం లేదు. ఓటరు జాబితాలో పేరు లేకపోతే, ఇక్కడ నివాసం ఏర్పడగానే ఫారం 6 సమర్పించాలి. భార్య పేరు, పద్దెనిమిదేళ్లు నిండిన కూతురి పేరు కూడా ఉండాలి. ఓటు లేని ఇంటి మాట వార్డు కార్యాలయంలో వినేవారుండరు.

చివరగా సమాజపు బాధ్యత. ఎడారి దేశంలో పెరిగిన ఆడపిల్ల ఇక్కడి బడిలో తెలుగు రాక తలదించుకుంటే ఆమెను ఎగతాళి చేయకండి, సాయంత్రం ఒక గంట కూర్చోబెట్టి నేర్పండి. ఉద్యోగం పోయి వచ్చినవాణ్ణి 'ఎంత తెచ్చావు' అని అడగకండి, 'ఏ కాగితం ఆగింది' అని అడగండి. ప్రతి మస్జిద్ కమిటీ వారానికి ఒకరోజు అస్ర్ నమాజు తర్వాత ఒక బల్ల వేసి, దరఖాస్తులు రాయగల ఇద్దరు పట్టభద్రులను కూర్చోబెడితే చాలు, సగం కుటుంబాలు దళారుల బారిన పడవు. జిల్లా కేంద్రాల్లో తిరిగి వచ్చినవారి కోసం సహాయ కేంద్రం తెరవాలని మనమంతా ప్రభుత్వాన్ని కోరాలి. అది దానం కాదు. దశాబ్దాలుగా ఈ నేలకు తమ చెమటను సొమ్ముగా పంపినవారి హక్కు.

ఈ రాత్రే మీ బంధువులకు ఫోన్ చేయండి. క్షేమ సమాచారాలు అయ్యాక ఒక్క ప్రశ్న అడగండి: 'పిల్లల జననం కాన్సులేట్‌లో నమోదైందా?'

అల్లాహ్ మన కుటుంబాలను క్షేమంగా ఇల్లు చేర్చుగాక. ఆమీన్.