ప్లేటు త్రిప్పునంతలో
(ఖరగ్‌పూరు తెలుగువారి వినోద స్మృతులను గూర్చిన ప్రసంగము)



హౌరా నుండి మదరాసు మార్గమున సుమారు 116 కిలోమీటర్లు ప్రయాణము చేసినచో ఖరగ్‌పూరు జంక్షను వచ్చును. 1072 మీటర్ల పొడవుగల అచటి ప్లాటుఫారము చిరకాలము ప్రపంచములోనే పొడవైనదిగా పేరొందెను. ఆ ఖ్యాతి 2013లో గోరఖ్‌పూరునకును, 2023లో హుబ్బళ్లికిని సంక్రమించినది. కాని ఆ ప్లాటుఫారముపై వినవచ్చెడి తెలుగు మాట మాత్రము ఏ ఊరికిని తరలిపోలేదు. బెంగాలు గడ్డపై నూరేండ్లకు మించి నిలిచిన ఆ మాటకు ఆధారమేమి? కూడు పెట్టినది రైలు. మాటను నిలిపిన వానిలో పాటయు ఒకటి. దానిని గూర్చియే ఈ ప్రసంగము.

బెంగాలు నాగపూరు రైల్వే కంపెనీ 1887లో ఏర్పడెను. ఆ శతాబ్ది ముగియుచుండగా ఖరగ్‌పూరు జంక్షనుగా రూపొందెను. పెద్ద వర్క్‌షాపు వెలసెను. సముద్రతీరము వెంబడి సాగిన దారి కళింగాంధ్రమును బెంగాలుతో కలిపెను. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి కుటుంబములు పనికై తరలివచ్చెను. 1944లో ఆ రైల్వే ప్రభుత్వ పరమైనది. 1955 ఆగష్టు 1న ఆగ్నేయ రైల్వే ఏర్పడినది. యజమానులు మారినను మథురాకాటి, నింపురా, గోల్‌బజారు ప్రాంతములలో తెలుగు పలుకు మారలేదు.

వచ్చినవారి మూటలలో సామాను స్వల్పము. కంఠములలో మాత్రము జముకుల కథయు, తూర్పు భాగవతమును, తప్పెటగుళ్లును, మంగళహారతులును నిండియుండెను. వర్క్‌షాపులో పగలెల్ల ఇనుముతో పోరాడిన వానికి రాత్రివేళ విన్న ఒక పద్యము, ఒక జోలపాట పుట్టిన ఊరిని కన్నుల యెదుట నిలిపెడిది.

తరువాత గ్రామఫోను వచ్చెను. క్వార్టర్ల వరుసలో ఒక్క ఇంట ఆ పెట్టె ఉన్నచో అది వరుసకెల్ల ఉన్నట్లే. తాళము త్రిప్పవలెను, ముల్లు మార్చవలెను, ప్లేటు పెట్టవలెను. ఒక వైపు పాట మూడు నాలుగు నిమిషములలో ముగిసెడిది. పిమ్మట ప్లేటును రెండవ వైపునకు త్రిప్పవలెను. ఆ కొద్ది వ్యవధిలోనే అసలు ముచ్చట జరిగెడిది. ఈ గాయకుడెవరు, ఈ పద్యమే నాటకములోనిది, దీనిని ఏ ఊరి తీర్థములో వింటిమి అని పెద్దలు చెప్పుకొనుచుండగా పిల్లలు చెవులప్పగించి వినుచుండిరి. పాటను ప్లేటు ఇచ్చెను; దాని కథను ప్లేటు త్రిప్పునంతలో మనుష్యులు ఇచ్చిరి.

ఆ కథలలో ఖరగ్‌పూరుకు దగ్గరివి కొన్ని కలవు. తెలుగు టాకీలు తొలిదినములలో మదరాసులోనే తయారైనవని పలువురు భావింతురు. కాని సి. పుల్లయ్యగారు దర్శకత్వము వహించిన 'సావిత్రి' 1933లోను, 'లవకుశ' 1934లోను కలకత్తా నగరమున ఈస్టిండియా ఫిలిం కంపెనీ వారిచే నిర్మితములైనవి. ఆంధ్రదేశము నుండి హౌరా చేరు రైలు ఖరగ్‌పూరు దాటియే పోవలెను గదా! ఆ పుల్లయ్యగారే తమ కుమారుడు సి. ఎస్. రావుతో కలిసి 'లవకుశ'ను మరల తీయగా, అది 1963లో తెలుగున తొలి పూర్తి రంగుల చిత్రముగా వెలువడినది. తాత చూచినది ఒకటి, మనుమడు చూచినది మరియొకటి. ఇరువురకు కన్నీరు తెప్పించినది సీతమ్మ కథయే.

సాలూరు రాజేశ్వరరావుగారి కథయు ఇట్టిదే. సాలూరు సమీప గ్రామమున పుట్టిన ఆ బాలగాయకుడు యౌవనారంభమున కలకత్తాలో కొంతకాలముండి, అచటి సంగీత పద్ధతిని ఒంటబట్టించుకొనెను. 1951 నాటి 'మల్లీశ్వరి'లో ఆయన కూర్చిన బాణీలు తెలుగువారికి ప్రాణసమానములు. వంగదేశపు గాలి సోకినంత మాత్రమున తెలుగుదనము తరిగిపోదనుటకు ఆయన జీవితమే నిదర్శనము. పరాయి రాష్ట్రమున పిల్లలను పెంచు తల్లిదండ్రులకు ఇంతకంటె ధైర్యము చెప్పు ఉదాహరణము వేరొకటి యుండునా?

ఇక 'దేవదాసు' మాట. శరత్ బాబు నవల 1917లో వెలువడినది. ప్రమథేశ్ బారువా 1935లో దానిని బెంగాలీ చిత్రముగా తీసెను. 1953లో వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వమున అది తెలుగు తెరపైకి వచ్చెను. అక్కినేని నాగేశ్వరరావుగారి నటనయు, ఘంటసాలవారి కంఠమును కలసి ఆ బెంగాలీ యువకుని తెలుగువాడిగా చేసివైచినవి. ఒకే షెడ్డులో పనిచేయు తెలుగువాడును బెంగాలీయుడును దేవదాసు మావాడనగా మావాడని వాదులాడుకొనవచ్చును. ఆ వాదమున ఓడినవాడు లేడు. ఇరువురును టీ త్రాగి స్నేహితులై లేవవలసినదే.

ఘంటసాల వేంకటేశ్వరరావుగారి బాల్యము పిల్లలకు తప్పక చెప్పదగిన కథ. 1922లో పుట్టిన ఆయనకు చిన్ననాడే తండ్రి పోయెను. సంగీతము నేర్వవలెనను పట్టుదలతో విజయనగరము చేరి, పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యరికము చేసెను. జోలె పట్టి ఇల్లిల్లు తిరిగి మధుకరముతో కడుపు నింపుకొనెను. 1942 ఉద్యమమున చెరసాలకు పోయెను. 1970లో పద్మశ్రీ పొందెను. 1974లో ఆయన మరణించిన పిదప, ఆయన పాడిన భగవద్గీత రికార్డు వెలువడి ఇంటింట మ్రోగినది. విజయనగరపు గృహిణులు ఆ జోలెలో వేసిన ముద్ద తెలుగు జాతికంతకు తిరిగి వచ్చినది. ఖరగ్‌పూరులోని అనేక కుటుంబముల పూర్వికులు ఆ ప్రాంతము నుండి వచ్చినవారే. ఈ సంగతి తెలిసిన బాలునకు ఆ పాట వేరుగా వినిపించును.

ఆకాశవాణి విజయవాడ కేంద్రము 1948లోను, విశాఖపట్టణ కేంద్రము 1963లోను ప్రారంభమైనవి. దూరపు కేంద్రము అందుటకు రేడియో చెవి మెలిపెట్టుచు, గరగర ధ్వనుల నడుమ తెలుగు మాట దొరికినంతనే "వచ్చింది, వచ్చింది!" అని ఇల్లంతయు గుమిగూడెడి కాలమది. కష్టపడి పట్టుకొన్న పాట గనుక దానిని ఒంటరిగా విను వాడుక లేకుండెను.

నేడు ఆ కష్టము తీరినది. పదవీ విరమణ చేసినవారు కొందరు ఖరగ్‌పూరులోనే యుండిరి. కొందరు విశాఖకు, హైదరాబాదుకు, పిల్లలవెంట విదేశములకు పోయిరి. ప్రాతఃకాలముననే ఒకరి ఫోను నుండి మరియొకరి ఫోనుకు పాత పాట చేరుచున్నది. దూరమైన స్నేహితుడు తలచుకొన్నాడను సంతోషము అల్పమైనది కాదు. కాని అందులో ఒక కొరత కలదు. పాట వెనుక పాట వచ్చి పడుచున్నది. ప్లేటు త్రిప్పు వ్యవధి లేదు. పంపినవాడు దాని కథ చెప్పడు, అందుకొన్నవాడు అడుగడు. ఒక్కొక్కప్పుడు ఒకరు పాడినది మరియొకరి పేర ప్రచారమగుచున్నది.

ఈ కొరత చిన్నదని త్రోసివేయరాదు. బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు చదువుచు ఇంట తెలుగు మాటాడుచు, తెలుగక్షరము చదువలేని పిల్లలు అనేకులు కలరు. వారికి భాష చెవి ద్వారా రావలసినదే. తాత పాట వినుచుండగా మనుమరాలు వచ్చి "తాతా, ఆయనేటంతన్నాడు?" అని అడిగినదనుకొనుడు. "ఇప్పుడు కాదమ్మా, తరువాత" అన్నచో ఆ తరువాత యనునది రాకపోవచ్చును. పాటను అచటనే ఆపి ఆ మాట అర్థము చెప్పినచో, ఆ బాలికకు ఒక తెలుగు మాట ఆస్తిగా మిగులును.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాలు మంత్రివర్గము తెలుగును రాష్ట్ర అధికార భాషలలో చేర్చ నిశ్చయించినది. ఇది గౌరవనీయమైన విషయము. అయినను ప్రభుత్వపు ఉత్తర్వు భాషకు పీఠము వేయగలదేగాని ప్రాణము పోయలేదు. ప్రాణము పోయవలసినది వంటింటిలోను, వసారాలోను.

కావున సభ్యులకు ఒక్క విన్నపము. వారమునకు ఒక్క పాటను ఎంచుకొనుడు. దానితోబాటు మూడు సంగతులు చెప్పుడు: పాడినదెవరు, మొదట ఎవరితో కూర్చుండి వింటిరి, అందు పిల్లలకు తెలియని మాటకు అర్థమేమి. తెలియనిచో స్నేహితులను అడుగుడు. అడుగుటవలన స్నేహము పెరుగును. ఇంట ముదుసలి పాడు హారతి పాట ఉన్నచో, ఆమె కంఠముండగనే రికార్డు చేసి, మాటలను తెలుగు లిపిలో వ్రాసి ఉంచుడు. ఏడాదికొక మారు సంఘ వేదికపై పొరుగు బెంగాలీ కుటుంబములను గూడ పిలిచి ఒక పాట వారిది, ఒక పాట తెలుగువారిది విను ఏర్పాటు చేయుడు. పిల్లలు ఇష్టపడు క్రొత్త పాటలను ఈసడింపక, వాని కథను వారిచే చెప్పించుడు. పాతది గొప్పదని దండించి చెప్పినచో పిల్లలు వినరు; ప్రేమతో పంచినచో తామే అడిగి విందురు.

గ్రామఫోనుకు తాళము త్రిప్పిన చేతులు అనేకము నేడు లేవు. వారు ప్లేటు త్రిప్పుచు చెప్పిన కథలు ఇంకను కొందరి నోట మిగిలియున్నవి. ఆ కొందరు ఈ సభలోనే యున్నారు. వారు నేటి సాయంకాలమే ఇంటికి పోయి, ఒక పాట పెట్టి, అది ముగిసిన వెంటనే రెండవది పెట్టకుండ, ఒక్క నిమిషము పిల్లలతో మాటాడుదురుగాక. స్వస్తి.