నీడపట్టున కుండీలు

ఎండ తగలని బాల్కనీలోనో, ఉత్తరపు వసారాలోనో మొక్కలు బతకవని చాలామంది ఆశ వదులుకుంటారు. గులాబీ, మందారం, తులసి తెచ్చిపెడితే అవి సన్నగా సాగిపోయి, ఆకు రాల్చి, మొగ్గ తొడగడం మానేస్తాయి. లోపమంతా ఎంపికలోనే ఉంది. గుంటూరు ప్రాంతపు తమలపాకు తోటల్లో అవిసె చెట్లు పెంచి, వాటి నీడలోనే తీగను పాకిస్తారు. విశాఖ మన్యంలో కాఫీ, మిరియాలు పెద్ద చెట్ల కిందే పండుతున్నాయి. ఇలా అడవి నీడలో పుట్టిన జాతులకు చెదురు వెలుతురే చాలు. నడివేసవి ఎండ నేరుగా పడితే వాటి ఆకులు మాడిపోతాయి. పగలు లైటు వేయకుండా పేపరు చదవగలిగితే చాలు, అక్కడ తమలపాకు, మనీ ప్లాంట్, ఫెర్న్, స్నేక్ ప్లాంట్ హాయిగా పెరుగుతాయి.

పూలు లేని కుండీలేమిటని అడగవచ్చు. పీస్ లిల్లీ నీడలోనూ తెల్లగా పూస్తుంది. కొన్ని అగ్లోనిమా రకాల ఆకుల్లో ఎరుపు, గులాబి రంగులు ఏడాది పొడవునా ఉంటాయి, పూలకు ఆ ఆయుష్షు ఎక్కడిది! దోమలు చేరతాయన్న భయం సహజమే కాని, అవి పుట్టేది కుండీ కింద పళ్లెంలో నిలిచిన నీటిలో, దాన్ని పారబోయాలి. నీడలో మట్టి ఆలస్యంగా ఆరుతుంది, రోజూ నీళ్లు పోస్తే వేళ్లు కుళ్లుతాయి. వేలు గుచ్చి చూసి, పైమట్టి ఆరాకే పోయండి. మనీ ప్లాంట్, అగ్లోనిమా, పీస్ లిల్లీ ఆకులు నమిలితే నోరు మండుతుంది. పసిపిల్లలున్న ఇంట్లో వాటిని అందనంత ఎత్తున పెట్టండి.